శబ్దం చిరునామా

వీణ మోగితే ఆ నాదం ఎక్కడి నుంచి వస్తోందో వేలు పెట్టి చూపించవచ్చు. పనసకర్ర కుండ, తీగలు, మైనంలో కూర్చిన మెట్లు, మీటే వేలు అన్నీ కళ్ళెదుటే ఉంటాయి. సింథసైజర్‌కు ఆ వెసులుబాటు లేదు. పెట్టె అదే, నొక్కే మెట్లు అవే. ఒక బటన్ నొక్కితే ఇత్తడి బూరా పలుకుతుంది, పక్క బటన్ నొక్కితే గాజు గంట పలుకుతుంది. ఈ రెంటికీ నడుమ మారినవి లోపలి అంకెలు మాత్రమే. ఆ అంకెల కట్టను మాన్యువళ్ళు ప్యాచ్ అంటాయి, మన ఆర్కెస్ట్రా వాళ్ళు టోన్ అంటారు.

కంప్యూటర్ ముందు కూర్చుని ఈ టోన్లను తెరిచి చూడటం, దిద్దడం, పేరు పెట్టి అరల్లో సర్దడం నాకు ఎంతో ఇష్టమైన పని. దిద్దడానికి వాడే సాఫ్ట్‌వేర్‌ను ఎడిటర్ అంటారు. దాచిపెట్టి, అడిగినప్పుడు వెతికి ఇచ్చేదాన్ని లైబ్రేరియన్ అంటారు. చాలావరకు రెండూ ఒకే ప్రోగ్రాములో ఉంటాయి. ఆ పని చేస్తూ చేస్తూ ఉండగా నా మనసులో ఒక సంగతి బలంగా నాటుకుంది. ఎలక్ట్రానిక్ శబ్దానికి యంత్రం అద్దె ఇల్లు. దాని సొంత చిరునామా దాన్ని వర్ణించే రాత. ఆ రాతను మరొకరు చదవగలిగినంత కాలమే ఆ శబ్దానికి ఆయుష్షు.

మొదట్లో ఆ రాత కాగితం మీదే ఉండేది. 1970లో వచ్చిన మినీమూగ్‌కు గుర్తుపెట్టుకునే శక్తి లేదు. మంచి శబ్దం కుదిరిందంటే, ముఖపలక బొమ్మ అచ్చువేసిన కాగితం తీసుకుని ఏ నాబ్ ఎంతవరకు తిప్పి ఉందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవాలి. మర్నాడు ఆ గుర్తుల ప్రకారమే తిప్పినా నిన్నటి శబ్దానికి దగ్గరగా వచ్చేది గానీ, అచ్చంగా అదే రావడం కష్టం. 1978లో డేవ్ స్మిత్ కాలిఫోర్నియాలోని తన సీక్వెన్షియల్ సర్క్యూట్స్ కంపెనీ నుంచి ప్రాఫెట్-5 తెచ్చాడు. అందులోని మైక్రోప్రాసెసర్ నాబ్‌ల స్థానాలను అంకెలుగా చదివి 40 టోన్లను దాచేది. వేదిక మీద పాటకీ పాటకీ మధ్య నాబ్‌లతో కుస్తీ పట్టే అవస్థ తప్పింది. అంతకన్నా పెద్ద మార్పు ఇంకొకటి జరిగింది. కుదిర్చిన శబ్దం అంకెల వరస అయింది. అంకెల వరసను ఇంకోచోటికి పంపవచ్చు.

పంపే దారి 1983లో పడింది. ఆ ఏడాది జనవరిలో అమెరికాలో జరిగిన నామ్ అనే సంగీత వాద్యాల ప్రదర్శనలో సీక్వెన్షియల్ వారి ప్రాఫెట్-600నూ రోలండ్ వారి జూపిటర్-6నూ కేబుల్‌తో కలిపి చూపించారు. ఒకదాని మీద వాయిస్తే రెండోదీ పలికింది. పోటీ కంపెనీల యంత్రాలు ఒకదాని మాట ఒకటి విన్నాయి. అదే మిడి. అయిదు పిన్నుల ప్లగ్గు, సెకనుకు 31,250 బిట్ల వేగం, 16 ఛానళ్ళు. దానికి మూలకారకులైన డేవ్ స్మిత్‌కూ, రోలండ్ స్థాపకుడు ఇకుతారో కకెహాషికీ 2013లో టెక్నికల్ గ్రామీ ఇచ్చారు.

ఏ స్వరం నొక్కారు, ఎంత బలంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అనేవి మిడిలో అందరికీ ఉమ్మడి భాష. దానితో పాటు సిస్టమ్ ఎక్స్‌క్లూజివ్ అనే గదిని విడిగా ఉంచారు. వాడుకలో సిస్‌ఎక్స్ అంటారు. ఆ గదిలో ఏ కంపెనీ యంత్రంతో ఆ కంపెనీ సొంత మాటల్లో మాట్లాడవచ్చు. ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క గుర్తింపు సంఖ్య ఇచ్చారు. రోలండ్‌కు 65, కోర్గ్‌కు 66, యమహాకు 67. మాట 240 అనే సంఖ్యతో మొదలై 247తో ముగుస్తుంది. నడుమ వచ్చే సంఖ్యలన్నీ 0 నుంచి 127 లోపే ఉండాలి. తనది కాని గుర్తింపు సంఖ్య వినబడితే యంత్రం ఆ మాటను పట్టించుకోకుండా వదిలేస్తుంది. ఎడిటర్, లైబ్రేరియన్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కువ భాగం ఈ చిన్న ఏర్పాటు మీదే నిలబడి ఉంది.

అదే 1983లో యమహా డీఎక్స్7 వచ్చింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ 1967లో కనిపెట్టిన ఎఫ్.ఎం. పద్ధతి దాని ప్రాణం. ఒక కంపనాన్ని ఇంకొక కంపనంతో వేగంగా ఊపితే మొదటిదాని చుట్టూ కొత్త అనుస్వరాలు పుట్టుకొస్తాయి. అలా ఊపేవీ ఊగేవీ కలిపి అందులో ఆరు ఆపరేటర్లు ఉన్నాయి. వాటిని ఒకదానితో ఒకటి ముడివేసే పద్ధతులు 32. ఒక్క టోన్‌కు 155 అమరికలు. ఇన్నింటినీ దిద్దడానికి ముఖపలక మీద ఇచ్చింది మాత్రం రెండు వరసల తెర, విలువ మార్చడానికి ఒకే ఒక స్లైడర్, పొర కింద బటన్ల బారు. తెర మీద ఒక అమరిక కనిపిస్తున్నప్పుడు మిగతా 154 కనిపించవు. అందువల్ల ఎక్కువమంది కంపెనీ ఇచ్చిన టోన్లతోనే సరిపెట్టుకున్నారు. ఆ దశాబ్దపు పాటలు దేశదేశాల్లో ఒకేలా మోగడానికి ఇదీ ఒక కారణం. అప్పుడు మద్రాసులో రికార్డయిన తెలుగు సినిమా పాటలను చెవిపెట్టి వింటే, ఆ టోన్లలో ఒకటైన గాజు గంటల పియానో అక్కడక్కడా పలకరిస్తుంది.

ఆ టోన్ల గుంపులో బాగా పేరు మోసింది ఈ.పియానో 1. ఎడిటర్‌లో దాన్ని తెరిస్తే దాని లోపలి కట్టుబడి మొత్తం ఒక్క చూపులో అందుతుంది. అందులో వాడింది అయిదో నంబరు ముడి. ఆరు ఆపరేటర్లు రెండేసి చొప్పున మూడు జతలుగా నిలబడి ఉంటాయి. ప్రతి జతలోనూ కిందిది మనకు వినిపిస్తుంది, పైది దాన్ని ఊపుతుంది. రెండు జతలు పియానోకు ఒళ్ళు ఇస్తాయి. మిగిలిన జతలో ఊపే పని చేసేది రెండో ఆపరేటర్. అది అసలు స్వరానికి 14 రెట్ల వేగంతో కంపిస్తుంది. దాని అవుట్‌పుట్ లెవెల్ 58.

ఒకే స్వరాన్ని నొక్కుతూ ఆ 58ని మౌస్‌తో కిందికి లాగి చూడాలి. 50 దగ్గర మెరుపు తగ్గుతుంది. 40 దాటేసరికి స్వరం మొదట్లో వినిపించే టింగు సన్నబడిపోతుంది. సున్నాకు తెస్తే పియానో ఒళ్ళు అలాగే ఉంటుంది, గంట మాయమవుతుంది. మళ్ళీ పైకి తోసి 70 దాటిస్తే పళ్ళెం మీద చెంచా పడ్డట్టు గరుకుగా మోగుతుంది. కోట్లమంది విన్న ఆ టింగు ఎక్కడ ఉందో వేలు పెట్టి చూపించలేమని ఎందుకనుకోవాలి? రెండో ఆపరేటర్‌లో ఉంది, 14కీ 58కీ మధ్య ఉంది. నాకు ఎడిటర్ అంటే గౌరవం కలిగింది ఇందుకే. అది చెవిని కంటికి అప్పగించదు. చెవికి ఎక్కడ వెతకాలో చెబుతుంది. తెర మీద ఆ కట్టుబడిని చూశాక అదే స్వరాన్ని వింటే, అంతకుముందు ఒకే ముద్దగా తోచింది మూడు పాయలుగా విడిపోయి వినిపిస్తుంది.

మౌస్ కదిలినప్పుడు కేబుల్‌లో ఏం వెళ్తోందో చూస్తే ముచ్చటేస్తుంది. 240, 67, 16, 0, 100, 58, 247. ఈ ఏడు సంఖ్యలే. 240 అంటే సొంత మాట మొదలైంది. 67 అంటే యమహా. 16 అంటే మొదటి ఛానల్‌లో ఒక అమరికను మారుస్తున్నాం. 0 అంటే అది టోన్‌కు చెందిన అమరిక. 100 అంటే రెండో ఆపరేటర్ అవుట్‌పుట్ లెవెల్. 58 దాని కొత్త విలువ. 247 అంటే మాట అయిపోయింది. మిడి కేబుల్‌లో ఒక్కో సంఖ్యకు 320 మైక్రోసెకన్లు పడుతుంది గనక ఈ వాక్యం మొత్తం రెండు మిల్లీసెకన్లు దాటీ దాటకుండా చేరిపోతుంది. మౌస్‌ను జోరుగా లాగితే ఇలాంటి వాక్యాలు వందల కొద్దీ వరద కడతాయి. పాత యంత్రం అంత వేగంగా వినలేదు. మంచి ఎడిటర్ రాసినవాడు దాని శక్తి ఎరిగి మాటకీ మాటకీ మధ్య కాస్త ఎడం ఇస్తాడు. ముసలి యంత్రం పట్ల చూపే ఆ మర్యాద కోడ్‌లో కనిపించినప్పుడు, దాన్ని రాసిన మనిషి మీద నాకు అభిమానం పుడుతుంది.

100 అంటే రెండో ఆపరేటర్ లెవెల్ అని మనకు ఎలా తెలిసింది? యమహా తన మాన్యువల్ చివరి పేజీల్లో ఆ పట్టికను అచ్చువేసింది. రోలండ్, కోర్గ్ లాంటి ఇతర కంపెనీలూ ఆ పని చేశాయి. సొంత భాష మాట్లాడుకునే గది ఉన్నా, ఆ భాషకు నిఘంటువును బయట పెట్టారు. వాయించేవాళ్ళు సాధారణంగా తిరగెయ్యని పేజీలవి. కానీ ఆ యంత్రం తయారీ ఆగిపోయిన ఎన్నో ఏళ్ళకు, కంపెనీతో ఏ సంబంధమూ లేని ఒక మనిషి వేరే దేశంలో కూర్చుని దానికి కొత్త ఎడిటర్ రాయగలుగుతున్నాడంటే ఆ పేజీల చలవే.

ఇక్కడ నాకు సుబ్బరామ దీక్షితులు గుర్తుకొస్తారు. ఆయన సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో ఎట్టయపురంలో అచ్చయింది, అదీ తెలుగులో. ముత్తుస్వామి దీక్షితుల కృతులు ఎన్నో అందులో స్వరాలతో సహా నిలిచాయి. స్వరాలు రాయడంతో ఆయన ఆగలేదు. కంపితం, స్ఫురితం, నొక్కు, జారు వంటి గమకాలకు విడివిడిగా గుర్తులు ఏర్పరిచి, ఆ గుర్తులను ఎలా చదవాలో పుస్తకంలోనే వివరించారు. గురువు నోటి నుంచి శిష్యుడి చెవికి మాత్రమే అందే విద్యకు అచ్చులో తాళం చెవి పెట్టారు. పుస్తకం చూసి పాడితే గురుముఖతః నేర్చుకున్నట్టు కాదన్నది నిజమే. అయినా ఆ పాఠంతో సంబంధం తెగిపోయిన ఇంట్లో పుట్టినవాళ్ళు కూడా ఈనాడు ఆ కృతి దగ్గరికి వెళ్ళగలుగుతున్నారు. స్వరలిపి ఏం పాడాలో చెబుతుంది, సిస్‌ఎక్స్ ఏ గొంతుతో పాడాలో చెబుతుంది. రెండింటిలోనూ ప్రాణం పోసేవాడు ఇంకొకడు కావాలి. రెండింటిలోనూ గుర్తులతో పాటు గుర్తుల అర్థాన్ని కూడా ఇచ్చిపోయినవాడే నిజంగా దాచినవాడు.

దాచడం అనేసరికి లైబ్రేరియన్ దగ్గరికి రావాలి. డీఎక్స్7లో 32 టోన్లు ఒక బ్యాంకు. ఆ బ్యాంకు మొత్తం 4,104 బైట్లు. కేబుల్ మీదుగా కంప్యూటర్‌కు రావడానికి సెకనున్నర కూడా పట్టదు. చివర్లో ఒక తనిఖీ సంఖ్య వస్తుంది, దారిలో ఏ అంకె చెడినా అది పట్టిస్తుంది. ఇంత తేలిక గనక టోన్లు చేతులు మారాయి, గుట్టలుగా పోగుపడ్డాయి. పేరుకు పది అక్షరాలే చోటు. ఒకే టోన్ పది పేర్లతో తిరుగుతుంది, పది వేరే టోన్లు బాస్ 1 అనే ఒకే పేరుతో తిరుగుతాయి. ఈ అడవిలో దారి చేసే పని లైబ్రేరియన్‌ది. క్రిస్టాఫ్ రూక్ అనే ప్రోగ్రామర్ రాసి అందరికీ ఇచ్చిన నాబ్‌క్రాఫ్ట్ ఓర్మ్ వంటి ప్రోగ్రాములు పేరుతో నిమిత్తం లేకుండా లోపలి అంకెలను పోల్చి, ఒకటే అయినవాటిని కలిపేస్తాయి. బాస్, ప్యాడ్, బ్రాస్, గంట అని వర్గాలుగా విడదీసి చూపిస్తాయి. కొత్త టోన్ పుట్టించినవాడికి చప్పట్లు దక్కుతాయి. వేల టోన్లలో కావలసినదాన్ని పాట ఎత్తుకునే లోపు చేతికందించే అమరిక చేసినవాడిని ఎవరూ తలుచుకోరు. నా దృష్టిలో ఇద్దరిదీ సంగీత సేవే.

సర్దిపెట్టుకోవడం విలువ నాకు బాగా తెలిసింది గుడివాడ వైపు ఉండే ఒక పెద్దాయన వల్ల. పెళ్ళిళ్ళకూ తిరనాళ్ళకూ ఆర్కెస్ట్రాలో కీబోర్డ్ వాయిస్తూ గడిపిన మనిషి. తన సింథ్‌లో కూర్చుని కూర్చుని ఒక సన్నాయి టోన్ తయారుచేసుకున్నారు. ముహూర్తం పాట ఆ టోన్‌తోనే ఎత్తుకునేవారట. ఆ కాలపు యంత్రాల్లో జ్ఞాపకాన్ని నిలిపి ఉంచేది లోపల అతికిన బిళ్ళంత బ్యాటరీ. ఒకరోజు అది చచ్చిపోయింది.

"బాబూ, అది మళ్ళీ వస్తుందంటావా?" అని అడిగారు.

"కార్డులో గానీ, క్యాసెట్‌లో గానీ ఎక్కడన్నా దాచారా మాస్టారూ?"

"ఎక్కడ దాస్తాం బాబూ, అందులోనే ఉండేదిగా."

బ్యాటరీ మార్పించి, ఆ సింథ్‌ను ఎడిటర్‌కు కలిపి ఇద్దరం కూర్చున్నాం. ఆయన కళ్ళు మూసుకుని చెబుతుంటే నేను గీతలు లాగుతూ పోయాను. "ఊపిరి అందుకునే ముందు చిన్న గరగర ఉండేది." స్వరం ఎలా లేచి ఎలా అణగాలో చెప్పే గీతను, అంటే ఎన్వలప్‌ను, మొదట్లో కాస్త వాలుగా చేశాను. "అంత కాదు, సగం." తగ్గించాను. "పైస్థాయికి పోతే ముక్కుతో పలకాలి." ఫిల్టర్ దగ్గర వెతికాం. ఆయనకు ఎన్వలప్ అన్న మాటతో పనిలేదు, నాకు ఆ సన్నాయి జ్ఞాపకం లేదు. ఇద్దరి మధ్యా తెర మీద ఆ గీత ఉంది. సాయంత్రానికి ఒక టోన్ కుదిరింది. పాతది వచ్చిందని ఆయన అనలేదు. "ఇది వేరేది. ఇదీ బాగుంది" అన్నారు. ఈసారి దాన్ని కంప్యూటర్‌లో దాచి, ఇంకొక ప్రతి ఆయన శిష్యుడికి ఇచ్చాం.

అయితే కంప్యూటర్‌లో దాచితే చాలునా? ఈ సాఫ్ట్‌వేర్ చరిత్రే దానికి జవాబు చెబుతుంది. 1985లో అటారి ఎస్‌టీ కంప్యూటర్ మిడి పోర్టులను తనలోనే పెట్టుకుని వచ్చింది. దాని మీదా, మ్యాకింటాష్ మీదా ఎడిటర్లు వెల్లువలా వచ్చాయి. ఆప్‌కోడ్ వారి గెలాక్సీ, మార్క్ ఆఫ్ ది యూనికార్న్ వారి యూనిసిన్, ఈమ్యాజిక్ వారి సౌండ్‌డైవర్ పదుల కొద్దీ యంత్రాలను ఒకే తెర మీదికి తెచ్చాయి. 1998లో గిబ్సన్ ఆప్‌కోడ్‌ను కొన్నది, కొద్దికాలానికే దాని పని ఆగిపోయింది. 2002లో యాపిల్ ఈమ్యాజిక్‌ను కొన్నది, సౌండ్‌డైవర్ ముందుకు సాగలేదు. టోన్లను ఆ ప్రోగ్రాముల సొంత ఫైళ్ళలో మాత్రమే ఉంచుకున్నవాళ్ళు వాటిని తెరవడానికి పాత కంప్యూటర్లను వెతుక్కోవాల్సి వచ్చింది. అదే రోజుల్లో యంత్రం పంపిన సిస్‌ఎక్స్‌ను ఉన్నదున్నట్టుగా ఫైలులో దించుకున్నవాళ్ళ టోన్లు ఇప్పటికీ పలుకుతున్నాయి. డీఎక్స్7 బ్యాంకు ఫైలును ఉచితంగా దొరికే డెక్సెడ్ అనే సాఫ్ట్‌వేర్ సింథ్‌లో వేస్తే, అసలు యంత్రమే లేని ఇంట్లో ఆ టింగు మోగుతుంది. ప్రోగ్రాములు పోయాయి, వాటిని కన్న కంపెనీల్లో కొన్ని పోయాయి. అందరికీ తెలిసిన వ్యాకరణంలో రాసి ఉన్న 4,104 బైట్లు మిగిలాయి.

ఇప్పుడు ఈ పని ఎక్కువగా ప్రేమ కొద్దీ చేసేవాళ్ళ చేతుల్లో ఉంది. అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాస్త్రం బోధించే షాన్ లూక్ రాసిన ఎడిసిన్ అందులో ఒకటి. సోర్స్ కోడ్ బహిరంగం, ఎవరైనా చదవవచ్చు. ఎన్నో పాత సింథ్‌లకు అందులో ఎడిటర్లు ఉన్నాయి. ఆయన పరిశోధన పరిణామ సిద్ధాంతాన్ని గణనలో వాడటం మీద. ఆ ఆలోచననే ఇందులోకి తెచ్చారు. ఒక టోన్ ఇస్తే దానికి దగ్గరి చుట్టాల్లాంటి టోన్లు కొన్ని పుట్టించి వినిపిస్తుంది. నచ్చినవాటిని ఎంచుకుంటే వాటి నుంచి తర్వాతి తరాన్ని పుట్టిస్తుంది. 155 అమరికల పేర్లు ఒక్కటీ తెలియని మనిషి కూడా చెవిని నమ్ముకుని తనకు కావలసిన శబ్దం దాకా నడవవచ్చు. మా మాస్టారి లాంటి వాళ్ళకు ఇది ఎంత పెద్ద తలుపో ఆ సాయంత్రం తర్వాత నాకు అర్థమైంది. తీర్పు చెవిదే, లెక్క యంత్రానిది.

2020లో ఆమోదం పొందిన మిడి 2.0లో మరో ముందడుగు ఉంది. యంత్రాలు ఒకదాన్నొకటి ప్రశ్నించుకోవచ్చు. నీలో ఏ టోన్లున్నాయి, నీకు ఏ అమరికలున్నాయి అని అడిగితే యంత్రమే తన వివరాలు చెప్పే ఏర్పాటు అది. మాన్యువల్ చివర అచ్చయ్యే నిఘంటువు యంత్రం నోటిలోకి వచ్చిందన్నమాట. తయారీదార్లు దాన్ని మనస్ఫూర్తిగా అమలు చేస్తే ముందు తరాల పని ఎంతో తేలికవుతుంది. చెయ్యకపోతే, పట్టికను పాత పద్ధతిలో అచ్చువేసి ఇవ్వమని కొనేవాళ్ళం అడగాలి. కీబోర్డ్ కొనేటప్పుడు టోన్లు ఎన్ని, స్పీకర్ ఎంత అని అడుగుతాం. ఇందులోంచి నా టోన్లను బయటికి తీసుకోవచ్చా, ఆ రాతకు అర్థం ఎక్కడ రాసి ఉంది అన్నవి కూడా అడగవలసిన ప్రశ్నలే.

మన ఊళ్ళలో చర్చిలో, భజన మందిరంలో, పెళ్ళి పందిట్లో కీబోర్డ్ వాయించేవాళ్ళు ఎందరో ఉన్నారు. ఒక్కొక్కరి పెట్టెలో ఇంకెవరి దగ్గరా లేని డప్పు ఉంటుంది, సన్నాయి ఉంటుంది, ఒక ఊరి గుడిగంట ఉంటుంది. అవి కంపెనీ ఇచ్చినవి కావు, ఆ మనుషులు ఏళ్ళ తరబడి చెవితో చెక్కుకున్నవి. సంగీత చరిత్ర రాసేవాళ్ళు పాటలను లెక్కిస్తారు, రాగాలను లెక్కిస్తారు. ఈ శబ్దాలూ ఆ చరిత్రలో భాగమేనని నా నమ్మకం. వాటిని కాపాడటానికి పెద్ద సంస్థ అక్కర్లేదు. ఒక కేబుల్, ఒక ఉచిత ప్రోగ్రాము, సిస్‌ఎక్స్ ఫైలుకు పక్కనే నాలుగు వాక్యాల తెలుగు నోటు చాలు: ఏ యంత్రం మీది, ఎవరు చేశారు, ఏ పాటకోసం, ఎక్కడ దిద్దితే ఏం మారుతుంది. ఆ నాలుగు వాక్యాలు రాసి ఇంకొకరి చేతికిచ్చిన రోజున ఆ టోన్‌కు చిరునామా ఏర్పడుతుంది. ఆపైన ఏ బ్యాటరీ చచ్చిపోయినా, ఏ కంపెనీ మూతపడినా, వెతుక్కుంటూ వచ్చేవాడికి అది దొరుకుతుంది.